సేవా క్లబ్బులో స్నేహానికి పనేమిటి?

రోటరీ, లయన్స్ లాంటి ఏదైనా ఒక సర్వీస్ క్లబ్బు ఏడాది నివేదిక తెరిచి చూడండి. అందులో రెండు రకాల పేజీలుంటాయి. కొన్నింటిలో కంటి శిబిరాలు, రక్తదానం, బడికి బెంచీలు, వరద వచ్చినప్పుడు పంచిన దుప్పట్లు. మిగతావాటిలో సభ్యుల పుట్టినరోజులు, కుటుంబాలతో విహారయాత్ర, పక్క ఊరి క్లబ్బు నుంచి వచ్చిన అతిథులు, ఆటల పోటీలు, పాటల సాయంత్రం. మొదటి రకం పేజీలు బయటివాళ్ళకు వెంటనే అర్థమవుతాయి. రెండో రకం చూసి, సేవ పేరు చెప్పి వీళ్ళు చేసుకునేది సరదాయేనా అనుకుంటారు. కొత్తగా చేరినవాళ్ళలో కూడా చాలామందికి ఈ అనుమానం ఉంటుంది. సేవ చేద్దామని వస్తే మొదటి రెండు నెలలూ పరిచయాలు, కబుర్లతోనే గడిచిపోయాయని కొందరు విసుక్కుంటారు.

ఈ అనుమానం ఈ క్లబ్బులంత పాతది. క్లబ్బుల వాళ్ళే దీని మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారు, తీర్మానాలు చేసుకున్నారు, ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. నా అభిప్రాయం ముందే చెప్తాను. ఆ రెండో రకం పేజీలు లేకపోతే మొదటి రకం పేజీలు ఎక్కువకాలం నిలవవు. అలాగని స్నేహం ఉన్నచోటల్లా సేవ పుట్టుకురాదు. కొన్ని ఏర్పాట్లుంటేనే స్నేహం పనిగా మారుతుంది. అవి సడలితే అదే స్నేహం పనికి అడ్డం పడుతుంది.

మొదట వ్యాపారం, తర్వాత ఊరు

1905 ఫిబ్రవరి 23న షికాగోలోని యూనిటీ బిల్డింగ్‌లో 711వ నంబరు గదిలో నలుగురు కలిశారు. పిలిచినవాడు పాల్ హారిస్, న్యాయవాది. మిగిలినవాళ్ళు గనుల ఇంజినీరు గస్టవస్ లోర్, బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీల్, దర్జీ దుకాణం నడిపే హైరమ్ షోరీ. చిన్న ఊళ్ళో పెరిగిన హారిస్‌కు ఆ మహానగరంలో వృత్తిపరంగా పరిచయాలు ఉన్నాయి గానీ స్నేహితులు లేరు. ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో వంతులవారీగా కలుసుకునేవారు కాబట్టి దానికి రోటరీ అని పేరు పెట్టుకున్నారు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్నది నియమం. పోటీదారు పక్కన కూర్చుంటే మనసు విప్పి మాట్లాడలేరు కదా. ఒకరినొకరు మొదటి పేరుతోనే పిలుచుకోవాలని కూడా పెట్టుకున్నారు. తొందరలోనే హారీ రగ్గిల్స్ అనే ప్రింటరు సమావేశాల్లో పాటలు పాడించడం మొదలుపెట్టాడు.

ఇందులో ఎక్కడా సేవ లేదు. మొదటి నిబంధనావళిలో రాసుకున్న లక్ష్యాలు రెండే: సభ్యుల వ్యాపారాభివృద్ధి, సభ్యుల మధ్య స్నేహం. ఎవరి నుంచి ఎవరికి ఎంత వ్యాపారం వచ్చిందో లెక్క రాయడానికి క్లబ్బులో ఒక మనిషి ఉండేవాడు.

1906లో డొనాల్డ్ కార్టర్ అనే పేటెంట్ లాయరును చేరమని అడిగితే ఆయన నిబంధనావళి చదివి, తమ సభ్యులకు తప్ప ఎవరికీ ఉపయోగపడని క్లబ్బుకు భవిష్యత్తు ఉండదని చెప్పి చేరనన్నాడు. మామూలుగా ఇలాంటి మాట అన్నవాణ్ణి ఎవరూ మళ్ళీ పిలవరు. వీళ్ళు ఆయన్నే అడిగి మూడో లక్ష్యం రాయించుకున్నారు. షికాగో నగర శ్రేయస్సు కోసం పనిచేయడం అందులో చేరింది. సర్వీస్ క్లబ్బుల చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇదే. స్నేహితుల గుంపు ఒకటి, బయటివాడి విమర్శను లోపలికి తెచ్చుకుని తన రూపాన్నే మార్చుకుంది.

ఆ మూడో లక్ష్యం కింద వాళ్ళు చేసిన మొదటి పెద్ద పని నగరంలో ఉచిత ప్రజా మరుగుదొడ్ల కోసం 1907లో మొదలుపెట్టిన ప్రయత్నం. అప్పట్లో బజారులోకి వచ్చిన మనిషి అవసరం తీర్చుకోవాలంటే ఏ సారాయి దుకాణంలోకో, పెద్ద షాపులోకో వెళ్ళాలి. వెళ్ళాక ఏదో ఒకటి కొనక తప్పదు. అందువల్ల బీరు తయారీదారులు, డిపార్ట్‌మెంట్ స్టోర్లవాళ్ళు ఈ ఆలోచనను వ్యతిరేకించారు. క్లబ్బు ఒంటరిగా పోరాడకుండా ఊళ్ళోని ఇతర సంఘాలను కూడగట్టి, నగర పాలక సంస్థను ఒప్పించింది. ఇది దానధర్మం కాదని గమనించండి. ఒక మనిషి జేబులోంచి డబ్బు తీసి చేయగలిగిన పని కూడా కాదు. రకరకాల వృత్తులవాళ్ళు కలిసి, తమకు తెలిసినవాళ్ళ చేత కదిలిస్తే తప్ప జరగని పని.

మిగతా క్లబ్బుల కథా ఇంచుమించు ఇలాగే సాగింది. 1915 జనవరిలో డెట్రాయిట్‌లో పుట్టిన కివానిస్ కూడా మొదట సభ్యుల మధ్య వ్యాపారం ఇచ్చిపుచ్చుకోవడానికే ఏర్పడింది, కొద్ది ఏళ్ళలోనే సేవ వైపు తిరిగింది. షికాగోలోనే ఇన్సూరెన్స్ వ్యాపారం చేసే మెల్విన్ జోన్స్, తానున్న వ్యాపారుల క్లబ్బు చూపు ఊరి మీదకు మళ్ళాలని పట్టుబట్టి, 1917 జూన్ 7న అలాంటి క్లబ్బుల ప్రతినిధులను సమావేశపరిచాడు. అలా లయన్స్ పుట్టింది. అదే ఏడాది అక్టోబరులో డల్లస్‌లో జరిగిన మొదటి మహాసభలో, సభ్యుల ఆర్థిక లాభాన్ని ఏ క్లబ్బూ తన లక్ష్యంగా చూపకూడదని రాసుకున్నారు. రోటరీ మెల్లగా నేర్చుకున్నదాన్ని లయన్స్ మొదటి రోజునుంచే నియమంగా పెట్టుకుంది.

రోటరీలో మాత్రం గొడవ తెగలేదు. క్లబ్బు మనిషిని మంచివాడిగా తయారుచేస్తే చాలు, సేవ అతను విడిగా చేసుకుంటాడని ఒక వర్గం. క్లబ్బు క్లబ్బుగా దిగి పనిచేయాలని ఇంకో వర్గం. ఒహాయో రాష్ట్రంలోని ఎలిరియాలో ఎడ్గార్ ఆలెన్ అనే వ్యాపారి కొడుకు 1907లో ట్రామ్ ప్రమాదంలో చనిపోయాడు. ఊళ్ళో సరైన ఆసుపత్రి లేకపోవడం ఆయన్ను కలచివేసింది. ఆసుపత్రి కట్టించాక, వికలాంగ పిల్లల బాగోగుల వైపు తిరిగి రోటరీ క్లబ్బులన్నిటినీ కదిలించాడు. ఆ ఊపులో, అన్ని క్లబ్బులూ ఒకే పని చేయాలా, ఎవరి పని వాళ్ళు ఎంచుకోవాలా అనే ప్రశ్న పెద్దదైంది. 1923లో సెయింట్ లూయిస్ మహాసభ ఒక తీర్మానంతో దీన్ని తేల్చింది. దాని సంఖ్య 23-34. తనకు లాభం కావాలన్న కోరికకూ ఇతరులకు ఉపయోగపడాలన్న బాధ్యతకూ మనిషిలో ఎప్పుడూ ఉండే ఘర్షణను సర్దుబాటు చేసే జీవన దృక్పథమే రోటరీ అని ఆ తీర్మానం చెప్పింది. ఆచరణకు కొన్ని సూత్రాలూ పెట్టింది. ఏ పని చేయాలో ఆ క్లబ్బే నిర్ణయించుకోవాలి. వేరే సంస్థ బాగా చేస్తున్న పనిలో వేలు పెట్టకూడదు. ప్రచారం కోసం పనిని ఎంచుకోకూడదు. సభ్యులందరి చేతులూ అవసరమయ్యే పని అయితే మంచిది. వందేళ్ళు దాటాక కూడా, ఒక క్లబ్బు ఎందుకు తడబడుతోందో చూడాలంటే ఈ నాలుగు మాటలతోనే మొదలుపెట్టొచ్చు.

శిబిరం రోజు కనబడనిది

స్నేహం పనికి ఎలా ఉపయోగపడుతుందో తెలియాలంటే ఒక కంటి శిబిరాన్ని లోపలి నుంచి చూడాలి. బయటికి కనిపించేది ఒక్క పూట. బల్లలు, బారులు తీరిన వృద్ధులు, అక్షరాల చార్టు, డాక్టరు. అసలు పని అంతకుముందు వారాల్లోనూ, ఆ తర్వాత వారాల్లోనూ ఉంటుంది.

ముందు ఆసుపత్రితో మాట్లాడాలి. శుక్లం ఉందని తేలితే ఆపరేషన్ ఎప్పుడు, ఎక్కడ, ఎంతమందికి చేయగలరో లెక్క కుదరాలి. ఆ లెక్క కుదరకుండా శిబిరం పెడితే, మీకు శుక్లం ఉందని చెప్పి పంపేయడం తప్ప ఏం చేయలేరు. శిబిరం సంగతి చేరవలసినవాళ్ళకు చేరాలి. చూపు సరిగా లేనివాళ్ళు పోస్టరు చదవలేరు కాబట్టి ఎవరో ఒకరు ఇంటింటికీ వెళ్ళాలి. షుగర్, బీపీ పరీక్షలు చేయించాలి. ఎంపికైనవాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి బండి చూడాలి, తోడు వెళ్ళాలి, భయపడి వెనక్కి తగ్గేవాళ్ళకు ధైర్యం చెప్పాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు చుక్కల మందు వేసుకోవాలి. వేసుకుంటున్నారో లేదో అడగాలి. మళ్ళీ చూపించుకునే రోజు గుర్తుచేయాలి. కళ్ళజోడు అవసరమైతే అందేదాకా చూడాలి.

ఇందులో ఏ ఒక్క పనీ కష్టం కాదు. కానీ ప్రతి పనికీ ఒక మనిషి కావాలి, ఆ మనిషి మాట తప్పకుండా రావాలి. జీతం లేదు, పైన అధికారి లేడు, రాకపోతే తీసేసే భయం లేదు. మరి ఆదివారం తెల్లవారుజామున బండి దగ్గర నిలబడేది దేనికోసం? పేదవాళ్ళ మీద జాలి నిజమైనదే, అయితే అది ఒక రోజు ఉప్పొంగుతుంది, మరో రోజు అణిగిపోతుంది. తోటి సభ్యుడు తన కోసం అక్కడ ఎదురుచూస్తుంటాడనే ఎరుక అలా హెచ్చుతగ్గులవదు. వారంవారం ముఖం చూసే మనిషికి ఇచ్చిన మాట తప్పడం కష్టం. క్లబ్బు స్నేహం చేసే మొదటి పని ఇదే, జాలి తగ్గిన రోజున కూడా మనిషిని నిలబెట్టడం.

రెండోది, ఎవరికి ఏం వచ్చో తెలియడం. సభ్యుల జాబితాలో లాయరు, ఇంజినీరు, టీచరు, అకౌంటెంటు అని ఉంటుంది. ఎవరు కోపం తెచ్చుకోకుండా పదిమందిని వరుసలో నిలబెట్టగలరు, ఎవరు లెక్క అప్పజెప్తే నిద్ర మానుకుని అయినా పూర్తిచేస్తారు, ఎవరు మాట ఇచ్చి మరిచిపోతారు అన్నది ఆ జాబితాలో ఉండదు. అది కలిసి ప్రయాణాలు చేసినప్పుడు, ఆటల్లో ఓడిపోయినప్పుడు, ఇంట్లో కష్టం వచ్చినప్పుడు తెలుస్తుంది. విహారయాత్ర బస్సులో అందరినీ లెక్కపెట్టి ఎక్కించినవాళ్ళకు శిబిరం రోజు రవాణా అప్పగిస్తారు. ఎవరూ దీన్ని ప్రణాళికగా రాసుకోరు, జరిగిపోతుంది.

మూడోది గొడవపడగలగడం. నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. ముక్కూముఖం తెలియనివాళ్ళ మధ్య అభిప్రాయభేదం వస్తే ఒకరు వెళ్ళిపోతారు. స్నేహితుల మధ్య వస్తే ఆ సాయంత్రం మాటలు పెరుగుతాయి, తర్వాతి సమావేశానికి మళ్ళీ ఇద్దరూ వస్తారు. ఈ ప్రాజెక్టు వద్దు, డబ్బు వృథా అని నిండు సమావేశంలో చెప్పగలిగేంత చనువు ఉన్న క్లబ్బులు తక్కువ తప్పులు చేస్తాయి.

ఏడాది గడియారం

రోటరీ, లయన్స్ రెండింటిలోనూ కొత్త సంవత్సరం జులై 1న మొదలవుతుంది. ప్రెసిడెంట్ పదవి ఒక్క ఏడాదే. పక్కన సెక్రటరీ, ట్రెజరర్, బోర్డు, కమిటీలు. ఒక ప్రాంతంలోని క్లబ్బులన్నిటి పైన డిస్ట్రిక్ట్ అనే విభాగం, దానికొక గవర్నర్, ఆయనకూ ఒక్క ఏడాదే. సమావేశం క్రమం తప్పకుండా చూడటానికి రోటరీలో సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ ఉంటారు. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అనే పదవి కూడా ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకో, బ్యాడ్జి మరిచినవాళ్ళకో సరదా జరిమానాలు వేసి నవ్వించడం వాళ్ళ పని.

పదవి ఒక్క ఏడాదే ఉండటం వల్ల గొప్ప మేలుంది. క్లబ్బు ఎవరి సొంతమూ కాదు. నిన్న వేదిక మీద కూర్చున్నవాళ్ళు రేపు కుర్చీలు సర్దుతారు. నాయకత్వం అలవాటు లేని మనిషికి కూడా ఏదో ఒక ఏడాది బాధ్యత వస్తుంది. అధికారం పోయాక మామూలు సభ్యుడిగా ఉండటం నేర్పే సంస్థలు లోకంలో ఎక్కువ లేవు.

నష్టమూ అక్కడే ఉంది. పన్నెండు నెలల్లో పూర్తయ్యేది, చూపించుకోగలిగేది, తన పేరున నిలిచేది ఎంచుకోవాలనే ఒత్తిడి ప్రెసిడెంట్ మీద ఉంటుంది. 1923 తీర్మానం కూడా ఏటా మార్చుతూ, వీలైతే ఆ ఏడాదిలోనే ముగిసే ఒక పెద్ద పని చేపట్టమంది. అప్పటికి అది సబబే కావచ్చు. కానీ బడి మానేసిన పిల్లలను తిరిగి బడిలో నిలపడం, తాగునీటి పథకాన్ని పాడవకుండా చూడటం ఏడాదిలో తేలే పనులు కావు. నీటి ట్యాంకు కట్టడం ఒక ప్రెసిడెంట్ హయాంలో అయిపోతుంది, మోటారు కాలిపోవడం మూడో ప్రెసిడెంట్ హయాంలో జరుగుతుంది. అందుకే మంచి క్లబ్బుల్లో పాత ప్రెసిడెంట్, ఇప్పటి ప్రెసిడెంట్, రాబోయే ప్రెసిడెంట్ ముగ్గురూ కూర్చుని కొన్ని పనులను మూడేళ్ళకు ఒప్పుకుంటారు. ఆ ముగ్గురి మధ్య పోటీ ఉంటే ఈ ఏర్పాటు కాగితం మీదే మిగిలిపోతుంది. ఇక్కడా మళ్ళీ స్నేహం దగ్గరికే వచ్చాం.

డబ్బు

సర్వీస్ క్లబ్బుల మీద వచ్చే అపోహల్లో ఎక్కువ భాగం డబ్బు గురించే. సభ్యులు ఏటా కట్టే చందా ఉంటుంది. అందులో కొంత అంతర్జాతీయ సంస్థకు, కొంత డిస్ట్రిక్ట్‌కు, మిగిలింది క్లబ్బు నిర్వహణకు పోతుంది. సేవా కార్యక్రమాల కోసం ప్రజల నుంచి సేకరించిన డబ్బు వేరు. లయన్స్ నియమాల ప్రకారం ఈ రెండూ వేర్వేరు ఖాతాల్లో ఉండాలి. ప్రజలిచ్చినది ప్రజల పనికే పోవాలి, క్లబ్బు ఖర్చులకు తాకకూడదు. రోటరీ క్లబ్బులు కూడా నిర్వహణ బడ్జెట్‌ను, సేవా బడ్జెట్‌ను వేరుచేస్తాయి. కాబట్టి సభ్యుల విందుకు డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు సక్రమంగా నడిచే క్లబ్బు దగ్గర స్పష్టమైన జవాబు ఉంటుంది. సభ్యులే పెట్టుకున్నారు. అలా చెప్పలేని క్లబ్బులో లోపం విందుది కాదు, లెక్కలది.

పెద్ద పనులకు అంతర్జాతీయ నిధులున్నాయి. రోటరీలో అప్పటి అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్ 1917లో మంచిపనులు చేయడానికి శాశ్వత నిధి ఉండాలన్నాడు. మరుసటి ఏడాది మిస్సోరీలోని కాన్సస్ సిటీ క్లబ్బు నుంచి వచ్చిన మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. అదే తర్వాత రోటరీ ఫౌండేషన్ అయింది. వార్షిక నిధికి వచ్చిన విరాళాలను మూడేళ్ళపాటు పెట్టుబడిలో ఉంచి, ఆ తర్వాత సుమారు సగం ఆ డిస్ట్రిక్ట్ ప్రాజెక్టులకే తిరిగి ఇస్తారు. మిగతా సగం ప్రపంచ నిధిలోకి వెళ్తుంది. లయన్స్‌కు 1968 నుంచి సొంత ఫౌండేషన్ ఉంది.

రోటరీ గ్లోబల్ గ్రాంట్ కావాలంటే ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. పని జరిగే దేశంలో ఒక క్లబ్బు, వేరే దేశంలో ఇంకో క్లబ్బు చేతులు కలపాలి. పని మొదలుపెట్టేముందు అక్కడి జనాన్ని అడిగి, అసలు అవసరం ఏమిటో తేల్చిన నివేదిక ఇవ్వాలి. ఈ చివరి షరతు చిరాకు తెప్పిస్తుందని చాలామంది అంటారు. నేను మాత్రం గ్రాంటు అడగని చిన్న పనికి కూడా ఈ షరతు పెట్టుకోవాలంటాను. బడికి కంప్యూటర్లు ఇద్దామని వెళ్ళిన క్లబ్బుకు, ఆడపిల్లలు మరుగుదొడ్డి లేక మానేస్తున్నారని హెడ్మాస్టరు చెప్పవచ్చు. అడిగితేనే చెప్తారు. ఇస్తామని నిర్ణయించుకుని వచ్చినవాళ్ళ ముందు ఎవరూ కాదనరు, దండం పెట్టి తీసుకుంటారు. ఆ కంప్యూటర్లు అట్టపెట్టెల్లోనే ఉండిపోతాయి.

చిన్న క్లబ్బులు, పెద్ద జబ్బు

స్నేహంతో నడిచే చిన్న గుంపులు పెద్ద పనులు చేయగలవా అంటే ముందు రెండు ఉదాహరణలు చూడాలి.

1925లో ఒహాయోలోని సీడర్ పాయింట్‌లో జరిగిన లయన్స్ మహాసభలో హెలెన్ కెల్లర్ మాట్లాడి, అంధుల పక్షాన నిలబడమని అడిగింది. ఆ సంస్థ చూపు పనిని తన గుర్తుగా చేసుకుంది. అయిదేళ్ళకు ఇల్లినాయ్‌లోని పియోరియాలో జార్జ్ బోనమ్ అనే లయన్స్ సభ్యుడు, నల్ల కర్రతో రోడ్డు దాటలేక నిలబడిపోయిన అంధుణ్ణి చూశాడు. డ్రైవర్లకు ఆ కర్ర కనిపించడం లేదు. కర్రకు తెల్లరంగు వేసి ఎర్ర పట్టీ పెడితే సరిపోతుందని ఆయనకు తోచింది. క్లబ్బు అలాంటి కర్రలు చేయించి పంచింది. 1930 డిసెంబరులో నగర కౌన్సిల్ తెల్లకర్ర పట్టుకున్నవాళ్ళకు రోడ్డు మీద ముందు దారివ్వాలని నిబంధన తెచ్చింది. ఒక మనిషి గమనిస్తే క్లబ్బు చేతులు కలిపింది, తర్వాత ఊరు చట్టం చేసింది.

రెండోది పోలియో. 1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు చుక్కలు వేయించే అయిదేళ్ళ ప్రాజెక్టుతో రోటరీ మొదలుపెట్టింది. 1985లో పోలియోప్లస్ ప్రకటించి 12 కోట్ల డాలర్లు సేకరించాలనుకుంటే, 1988కి దాదాపు రెట్టింపు వచ్చింది. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలతో కలిసి ప్రపంచవ్యాప్త నిర్మూలన కార్యక్రమం మొదలైంది. అప్పటికి 125 దేశాల్లో ఏటా సుమారు 3,50,000 మంది పోలియో పాలయ్యేవారు. సహజంగా వ్యాపించే వైల్డ్ వైరస్‌లోని మూడు రకాల్లో రెండో రకం పోయిందని 2015లో, మూడో రకం పోయిందని 2019లో ధ్రువీకరించారు. మొదటి రకం పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఇంకా వదల్లేదు.

టీకాలు, శాస్త్రవేత్తలు, ప్రభుత్వాల పాత్రను తగ్గించి చెప్పడం తప్పవుతుంది. ఈ పెద్ద వ్యవస్థల దగ్గర లేనిది క్లబ్బుల దగ్గర ఒకటి ఉంది. ఊరూరా, ఆ ఊరివాళ్ళకు ఎప్పటినుంచో తెలిసిన మనుషులు. చుక్కలు వేయించనన్న తండ్రి దగ్గరికి, అతనికి బాకీ రాసే కొట్టతనో, అతని పిల్లలకు పాఠం చెప్పే టీచరో వెళ్ళి మాట్లాడితే వింటాడు. ఆ కొట్టతనూ టీచరూ ఒకే క్లబ్బులో ఉండటం వల్లే ఎవరు ఎవరింటికి వెళ్ళాలో పంచుకోగలిగారు. ఇంకో సంగతి, ఈ పని ఏడాదిలో తేలేది కాదని ముందే ఒప్పుకుని దశాబ్దాలపాటు నిలబడ్డారు. ఎన్నో ప్రెసిడెంట్ పదవులు మారినా పని మారలేదు.

స్నేహం గోడ కట్టినప్పుడు

ఇప్పుడు రెండో వైపు. దశాబ్దాలపాటు ఈ పెద్ద క్లబ్బుల్లో స్త్రీలకు సభ్యత్వం లేదు. స్నేహ వాతావరణం చెడిపోతుందన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. స్త్రీలు ఆగిపోలేదు. 1919లో బఫెలోలో జోంటా, 1921లో ఓక్లండ్‌లో సొరాప్టిమిస్ట్ అనే మహిళా క్లబ్బులు మొదలయ్యాయి. 1924లో మాంచెస్టర్‌లో రోటరీ సభ్యుల భార్యలతో మార్గరెట్ గోల్డింగ్ ఇన్నర్ వీల్ స్థాపించింది.

1977లో కాలిఫోర్నియాలోని డ్వార్టే అనే చిన్న ఊరి రోటరీ క్లబ్బు, సభ్యులు తగ్గిపోతుంటే ముగ్గురు స్త్రీలను చేర్చుకుంది. మరుసటి ఏడాది రోటరీ ఇంటర్నేషనల్ ఆ క్లబ్బు చార్టర్, అంటే గుర్తింపు పత్రం, రద్దు చేసింది. క్లబ్బు కోర్టుకెళ్ళింది. 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు క్లబ్బు పక్షాన తీర్పిచ్చింది. మన విషయానికి ఈ తీర్పులోని తర్కం చాలా ముఖ్యం. స్నేహితులను ఎంచుకునే స్వేచ్ఛ మాకుందన్నది రోటరీ వాదన. కోర్టు క్లబ్బుల తీరును పరిశీలించింది. ఇరవైమంది లోపున్న క్లబ్బులున్నాయి, తొమ్మిదివందలు దాటినవీ ఉన్నాయి. సభ్యులు వస్తుంటారు, పోతుంటారు. వేరే క్లబ్బుల వాళ్ళు ఎప్పుడైనా సమావేశంలో కూర్చోవచ్చు. పనులు పదిమంది కళ్ళముందు జరగాలని కోరుకుంటారు. ఇలాంటిది కుటుంబంలా గుట్టుగా ఉండే బంధం కాదని, స్త్రీలను చేర్చుకోవడం వల్ల దాని సేవా లక్ష్యాలకు భంగం రాదని తేల్చింది.

అంటే క్లబ్బు స్నేహం మొదటినుంచీ తలుపు తెరిచి ఉంచిన స్నేహం. నలుగురు ప్రాణస్నేహితుల మధ్య ఉండేది దాని స్వభావం కాదు. ఆ ఏడాదే లయన్స్, కివానిస్ స్త్రీలకు సభ్యత్వం తెరిచాయి. 1989లో రోటరీ తన నిబంధనలు మార్చుకుంది. 2022లో జెనిఫర్ జోన్స్ ఆ సంస్థకు మొదటి మహిళా అంతర్జాతీయ అధ్యక్షురాలైంది.

చట్టం తెరవలేని తలుపులు ఇంకా ఉన్నాయి. సభ్యులంతా ఒకే స్థాయి ఆదాయం, ఒకే వీధి, ఒకే వయసు అయితే క్లబ్బు ఊరికి అద్దం పట్టదు. అలాంటిచోట సేవ అంటే పైనున్నవాళ్ళు కిందివాళ్ళకు ఇచ్చేదిగా మిగిలిపోతుంది. ఒక వృత్తికి ఒకరే అన్న పాత నియమం ఇప్పుడు సడలింది గానీ, దాని వెనకున్న ఆలోచన విలువైనదే. వేర్వేరు పనులు చేసుకునేవాళ్ళు ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఆ వైవిధ్యం వృత్తుల దగ్గరే ఆగిపోవడం నాటి లోపం.

ఇంకో ప్రమాదం మొహమాటం. ప్రెసిడెంట్ దగ్గరి స్నేహితుడు తీసుకొచ్చిన ప్రాజెక్టు బాగోలేదని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. తోటి సభ్యుడి దుకాణం నుంచే సరుకు కొంటే ధర ఎవరూ అడగరు. ఇది అవినీతి దాకా పోకపోయినా క్లబ్బు పరువును మెల్లగా తినేస్తుంది. 1932లో దివాలా అంచున ఉన్న ఒక అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టడానికి హెర్బర్ట్ టేలర్ నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. ఇది నిజమా, అందరికీ న్యాయమా, సద్భావాన్నీ స్నేహాన్నీ పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా. 1943లో రోటరీ వీటిని తనవి చేసుకుంది. చాలా క్లబ్బుల్లో వీటిని సమావేశంలో అందరూ కలిసి చదువుతారు. వరుస చూడండి. స్నేహం మూడోది, నిజం మొదటిది. మొహమాటపడే క్లబ్బులో ఈ వరుస తలకిందులవుతుంది.

ఇప్పటి పరిస్థితి, చేరబోయేవాళ్ళ కోసం

వారంవారం హాజరు కావాలన్న నియమం ఒకప్పుడు ఈ స్నేహానికి పునాది. రోటరీలో సమావేశం తప్పితే వేరే ఊరి క్లబ్బుకు వెళ్ళి హాజరు వేయించుకోవచ్చు. ప్రయాణంలో ఉన్నవాళ్ళకు కొత్త ఊళ్ళో పరిచయాలు అలాగే దొరికేవి. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్ళు, మారే షిఫ్టులు, దూర ప్రయాణాల కాలంలో ఆ నియమం చాలామందిని బయటే ఆపేసింది. 2016లో రోటరీ, నెలకు కనీసం రెండుసార్లు కలిస్తే చాలని, ఆన్‌లైన్‌లోనైనా కలవొచ్చని క్లబ్బులకు వెసులుబాటు ఇచ్చింది. ఇది అవసరమైన మార్పే. నాకున్న బెంగ ఒక్కటే. తెర మీద నిర్ణయాలు తొందరగా అయిపోతాయి, సమావేశం ముందూ వెనకా జరిగే ఆ పది నిమిషాల కబుర్లు మాత్రం ఉండవు. ఎవరికి ఒంట్లో బాగోలేదో, ఎవరి ఉద్యోగం పోయిందో తెలిసేది ఆ పది నిమిషాల్లోనే. కాబట్టి సమావేశాలు తగ్గించుకున్న క్లబ్బు, కలిసి చేతులతో చేసే పనులను పెంచుకోవాలి.

వయసు సమస్య కూడా కొత్తది కాదు. రోటరీలో పెద్దవాళ్ళ మధ్య తనలాంటి యువకులకు చోటు తక్కువని లూయిస్ మార్కేసి 1927లో నార్విచ్‌లో రౌండ్ టేబుల్ మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళు రాగానే తప్పుకోవాలన్నది మొదట్లో అక్కడి నియమం. లయన్స్‌లో లియో, రోటరీలో 1962 నుంచి ఇంటరాక్ట్, 1968 నుంచి రోటరాక్ట్ అనే యువజన క్లబ్బులు ఉన్నాయి. చాలా ఊళ్ళలో వీళ్ళను వాలంటీర్లుగా పిలుస్తారే గానీ నిర్ణయాల్లో కూర్చోబెట్టరు. కుర్చీలు మోయడానికి పనికొచ్చిన పిల్లలు బడ్జెట్ మాట్లాడటానికి కూడా పనికొస్తారు.

ఏదైనా క్లబ్బులో చేరమని మిమ్మల్ని పిలిస్తే వెంటనే ఫారం నింపకండి. రెండు మూడు సమావేశాలకు అతిథిగా వెళ్ళండి. చాలా క్లబ్బులు దీన్ని ఆహ్వానిస్తాయి. ప్రసంగాలకంటే ముందూ వెనకా ఏం జరుగుతోందో చూడండి. కొత్తగా వచ్చిన మీ దగ్గరికి ఎవరైనా వచ్చి కూర్చున్నారా? ట్రెజరర్ లెక్క చదివినప్పుడు ఎవరైనా ప్రశ్న అడిగారా, అడిగితే మిగతావాళ్ళు ఎలా చూశారు? మూడేళ్ళ కిందట చేసిన పని ఇప్పుడెలా ఉందని అడగండి. ఆ ట్యాంకులో నీళ్ళు వస్తున్నాయో లేదో తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉంటే మంచి సంకేతం. వచ్చే నెల ప్రాజెక్టులో మీకేదైనా చిన్న పని ఇమ్మని అడగండి. ఎవరితో కలిసి చేయాలో పేరు చెప్పి, ఆ మనిషిని అప్పుడే పరిచయం చేస్తే చేరిపోండి. తర్వాత చెప్తాంలే, ముందు చందా కట్టండి అంటే ఇంకో క్లబ్బు వెతుక్కోండి.